వేట కుక్కకు బెల్టు కొంటున్నారా? ముందు దాన్ని తిరగేసి చూడండి

మా రాణి మెడ మీద ఇప్పుడిప్పుడే మళ్లీ వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఎడమ చెవి కింద రూపాయి బిళ్లంత చోటు మాత్రం ఇంకా బోడిగానే ఉంది. అక్కడ చెయ్యి పెడితే ఇప్పటికీ తల పక్కకు తిప్పేసుకుంటుంది. ఆ చోటును చూసినప్పుడల్లా ఇది రాయాలనిపిస్తోంది, అందుకే రాస్తున్నాను.

జూలై మొదటి వారంలో దానికి రోజూ వేసి ఉంచడానికి ఒక బెల్టు కొన్నాను. ఆన్‌లైన్‌లో, 1,299 రూపాయలకు. ‘అసలు తోలు, స్టెయిన్‌లెస్ స్టీల్ రింగు, వేట కుక్కల కోసం ప్రత్యేకం, రోజంతా ఉంచవచ్చు’ అని రాసి ఉంది. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. 22 రోజుల్లో ఆ బెల్టు వల్ల నా కుక్క ఒకసారి హైవే మీదికి పోయింది, ఇంకోసారి పశువుల ఆసుపత్రి పాలైంది.

అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. అదే ఫొటోతో అదే బెల్టు వేరు వేరు పేర్ల మీద ఆరేడు చోట్ల కనిపించింది. ఈ పేరు చూసి మానుకున్నవాళ్లు రేపు ఇంకో పేరు మీద అదే కొంటారు. గుర్తుపెట్టుకోవాల్సింది అది తయారైన తీరు.

రాణి ముధోళ్ జాగిలం. రెండున్నరేళ్ల ఆడకుక్క, 22 కిలోలు. ముధోళ్ మనకు దూరమేమీ కాదు, పక్కనే కర్ణాటకలో, బాగల్‌కోట్ జిల్లాలో ఉంది. 2005లో తపాలా శాఖ ఈ జాతి మీద స్టాంపు వేసింది, 2016లో సైన్యం శిక్షణకు తీసుకుంది. అప్పట్నుంచి పేరు బాగా వినిపిస్తోంది, మా అనంతపురం వైపు కూడా ఇష్టపడి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ‘వేట కుక్కల ప్రత్యేకం’ అనే మాట వీళ్ల కోసమే పుట్టింది. వేట కుక్క అంటే జాతిని బట్టి అనే మాటే, వేటకు తీసుకుపోతామని కాదు. వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కుక్కను వదిలి కుందేలును తరిమించినా నేరమే. అందుకే ఈ కుక్కలకు బెల్టు చాలా ముఖ్యం. బెల్టు తెగితే పోయేది కుక్క ఒక్కటే కాదు, ఎదురుగా ఉన్న జీవాల ప్రాణం కూడా.

ఈ జాగిలాల మెడ ఒకసారి కొలిచి చూడండి. రాణికి చెవుల వెనక మెడ చుట్టుకొలత 34 సెంటీమీటర్లు, చెవుల ముందు తల చుట్టుకొలత 35. తేడా ఒక్క సెంటీమీటరు. మామూలు కుక్కకు తల పెద్దది, మెడ చిన్నది కాబట్టి బెల్టు తల దగ్గర ఆగుతుంది. చిప్పిపారై, రాజపాళయం, ముధోళ్ లాంటి వాటికి తల సన్నగా కోలగా ఉంటుంది, మెడ పొడుగ్గా ఉంటుంది. భయపడి రెండడుగులు వెనక్కి వేసి తల వంచితే చాలు, బెల్టు చెవుల మీదుగా జారి మన చేతిలో మిగులుతుంది. జారకూడదని ఒక రంధ్రం బిగిస్తే ఊపిరి పట్టేస్తుంది. పైగా వీటి చర్మం పల్చన, వెంట్రుకలు పొట్టి, కొవ్వు తక్కువ. ఏది గీసుకున్నా నేరుగా చర్మానికే తగులుతుంది.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి కూడా ఫొటోలో ముందువైపు చూసి కొన్నాను. వెడల్పు రెండు అంగుళాలు, ముదురు గోధుమ రంగు, పైన ఇత్తడి పువ్వులు. చాలా బాగుంది. వెనకవైపు ఫొటో ఒక్కటి కూడా లేదు. అక్కడే ఆగి ఉండాల్సింది.

పదో రోజు సాయంత్రం శెనక్కాయ చేల పక్క బాటలో తిప్పుతున్నాను. ముందురోజు వాన పడింది, గట్ల మీద గడ్డి మొలిచింది. చేతిలో ఐదు మీటర్ల తాడు, సగం వదులుగా ఉంది. గట్టు కింద నుంచి కుందేలు లేచింది. నేను చూసేసరికే రాణి మూడు గంతులు వేసింది. తాడు బిగుసుకున్న క్షణంలో ‘టక్’ మని చిన్న చప్పుడు. ఎండుపుల్ల విరిగినట్టు. తాడు వదులై నా కాళ్ల దగ్గర పడింది. కొక్కెం బాగానే ఉంది, దానికి తగులుకుని సగం రింగు వేలాడుతోంది.

మా చేల నుంచి 44వ నంబరు జాతీయ రహదారి అర కిలోమీటరు కూడా ఉండదు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే లారీలన్నీ అక్కడే. ఆ అర కిలోమీటరు నేను ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. రాణి రోడ్డు దాటేసింది. అవతల పెట్రోలు బంకు వెనక కంపచెట్లలో దొరికేసరికి చీకటి పడింది, గంటన్నర పైనే గడిచింది. దాన్ని ఎత్తుకుని వస్తుంటే నా గుండె చప్పుడు ఏదో, దాని గుండె చప్పుడు ఏదో తెలియలేదు.

ఇంటికొచ్చి ఆ రింగు ముక్కను లైటు కింద పెట్టి చూశాను. పైన మెరుస్తున్న పూత, లోపల బూడిద రంగు, విరిగిన చోట ఉప్పు రవ్వలా గరుకు. అది స్టీలు కాదు, పోతపోసిన జింకు లోహం మీద నికెల్ పూత. ఇనుము, స్టీలు ఎక్కువ బరువు పడితే ముందు వంగుతాయి, వంగుతున్నాయని మనకు కనిపిస్తుంది. ఈ పోత లోహం వంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. ఇంకో మోసం వెల్డింగు చేయని కమ్మీ రింగు. కమ్మీని వంచి రెండు కొసలూ దగ్గరికి తెచ్చి వదిలేస్తారు, ఆ అతుకును తోలు మడత కింద దాచేస్తారు. గట్టిగా లాగితే అది నోరు తెరుస్తుంది. రింగును మడతలో చుట్టూ తిప్పి చూడండి. అతుకు కనిపిస్తే, ఆ చోట వెల్డింగు గడ్డ కూడా కనిపించాలి. చిన్న ఆకురాయి ఉంటే ఒక మూల గీకండి. ఇత్తడి అయితే లోపల కూడా పసుపుగానే ఉంటుంది, పూత అయితే రంగు మారుతుంది. అయస్కాంతం పెట్టి చూడమని కొందరు చెబుతారు. దాన్ని నమ్ముకోకండి. మంచి స్టెయిన్‌లెస్ స్టీలుకు చాలాసార్లు అయస్కాంతం అంటుకోదు, జింకుకూ అంటుకోదు, ఇత్తడికీ అంటుకోదు.

ఒక తప్పు నాది. పొడుగు తాడును మెడబెల్టుకు కట్టకూడదు. తాడు పొడుగ్గా ఉంటే కుక్క వేగం అందుకుంటుంది, ఆ ఊపంతా ఒక్క క్షణంలో మెడ మీద పడుతుంది. ఆ రోజు రింగు విరక్కపోయి ఉంటే దాని గొంతుకు ఏమయ్యేదో. పొడుగు తాడుకు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వాడాలి, మెడబెల్టుకు నాలుగైదు అడుగుల తాడు చాలు.

రింగు విరిగినా తోలు బాగానే ఉంది కదా అనుకున్నాను. కొత్త రింగు వేయించేదాకా ఇంట్లో ఉండనిద్దామని తియ్యకుండా వదిలేశాను. వానలు పట్టుకున్నాయి. తోలు రంగు దిగి రాణి తెల్లటి మెడ ఎర్రబారింది, స్నానం చేయిస్తే పోయింది. 18వ రోజు నుంచి అస్తమానం మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. గోమార్లు అనుకుని గోమార్ల మందు వేశాను. 22వ రోజు పొద్దున దగ్గరికి తీసుకుంటే కుళ్లిన వాసన. బెల్టు విప్పితే చెవి కింద పుండు, పుండులో పురుగులు కదులుతున్నాయి.

బెల్టు తిరగేశాను. పైన కనిపించే ఇత్తడి పువ్వుల మేకులు వెనక్కి వచ్చి తోలులో రెండుగా చీలి వంగి ఉన్నాయి, వాటి మీద అస్తరు లేదు. ఒక్కో కొస తుప్పు పట్టి లేచి ఉంది. వేలితో తాకితే నా వేలే గీసుకుంది. 22 రోజులు అది నా కుక్క మెడను గీరుతూనే ఉంది, పైన పువ్వులు మాత్రం మెరుస్తున్నాయి.

పశువుల డాక్టరుగారు చుట్టూ వెంట్రుకలు తీసి, మందు పెట్టి, పట్టకారుతో ఒక్కో పురుగునూ లాగారు. పదిహేను దాకా లెక్కపెట్టి ఇక చూడలేకపోయాను. వానాకాలంలో చిన్న గాయం దొరికినా ఈగ గుడ్లు పెడుతుందని, బెల్టు కింద తడి ఆరదు కాబట్టి అక్కడ ఇంకా తొందరగా పడతాయని చెప్పారు. ఆయన మరీ మరీ చెప్పిన మాట ఒకటుంది. ఇంట్లో ఫినాయిలు, కిరోసిను పొయ్యకండి. కుక్క నాకితే విషం, పుండు కూడా కాలిపోతుంది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే మూడు రోజులకు వచ్చిన జవాబు: ‘ఇది అలంకరణ బెల్టు, బలమైన కుక్కలకు కాదు, వాడిన సరుకు తిరిగి తీసుకోము.’ వేట కుక్కల ప్రత్యేకం అని రాసింది వాళ్లే. ప్యాకెట్టు వెతికి చూస్తే తయారీదారు పేరు లేదు, చిరునామా లేదు. మీకు ఇలాంటిది జరిగితే ఊరుకోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు. నేను చేశాను. ఆ తర్వాత డబ్బు వెనక్కి వచ్చింది, అది కూడా పది రోజులు వెంటపడితే. మీరు అమ్మకం పేజీని కొన్నరోజే ఫొటో తీసి దాచుకోండి. నా ఫిర్యాదు తర్వాత వాళ్లు ‘స్టెయిన్‌లెస్’ అనే మాట అక్కణ్నుంచి తీసేశారు.

ఇక ఏం కొనాలని అడిగేవాళ్లకు. ఈ జాతులకు ఒక్క బెల్టుతో పని జరగదు, రెండు కావాలి.

బయటికి తిప్పడానికి మార్టింగేల్ అనే రెండు వలయాల బెల్టు. పెద్ద వలయం మెడ చుట్టూ, చిన్న వలయానికి తాడు. కుక్క వెనక్కి లాగితే చిన్న వలయం పెద్దదాన్ని కొంతవరకే బిగిస్తుంది. గొలుసు ఉరిలా గొంతు నొక్కదు, తల మీదుగా జారనివ్వదు. పూర్తిగా బిగిసినప్పుడు పెద్ద వలయం చివర ఉన్న రెండు రింగులూ ఒకదానికొకటి తగలకూడదు, మధ్యలో రెండు వేళ్ల సందు ఉండాలి. తగిలాయంటే బెల్టు పెద్దదైందని, జారిపోతుందని అర్థం. ఇంటికి రాగానే దీన్ని తీసెయ్యాలి. వేలాడే ఆ చిన్న వలయం కిటికీ ఊచకో మంచం కోడుకో తగులుకుంటే ఉరి పడుతుంది. ఇంకో కుక్కతో ఆడుతుంటే దాని దవడ ఇందులో ఇరుక్కుంటుంది. మార్టింగేల్‌ను ‘రోజంతా ఉంచవచ్చు’ అని అమ్మేవాళ్ల మాట వినకండి.

ఇంట్లో ఉండడానికి తేలికైన మెత్తటి చదును బెల్టు, మీ ఫోను నంబరు చెక్కిన బిళ్లతో. దానికి తాడు కట్టం కాబట్టి బిగించాల్సిన పని లేదు. రెండు వేళ్లు సులువుగా దూరాలి. రాత్రికి విప్పి మెడ ఆరనివ్వండి. కుక్కపిల్లకు అయితే వారం వారం కొలవండి. మెడ పెరుగుతుంది, బెల్టు పెరగదు, చర్మంలోకి దిగిపోయాక గానీ చూసుకోనివాళ్లు ఉన్నారు.

మేకుల బెల్టుల గురించి ఒక్క మాట. హిమాలయాల్లో గొర్రెల కాపరులు కుక్కలకు ముళ్ల ఇనుప పట్టీ వేస్తారు, చిరుత మెడ పట్టుకుంటుందని. అక్కడ దానికి అర్థం ఉంది. ఊళ్లో, మేడ మీద, పిల్లల మధ్య తిరిగే కుక్కకు ఆ ముళ్లు దేనికి?

చివరికి నేను మార్టింగేల్ బెల్టును మా ఊరి సంత దగ్గర ఎద్దులకు మువ్వల పట్టెడలు కుట్టే తాత దగ్గర చేయించాను. పాత బెల్టు చూపిస్తే ఒక అంచు గోటితో గీరి, ‘ఇది తోలు కాదు నాయనా, తోలు పొడి అట్ట మీద రంగు పూశారు’ అన్నాడు. అంచు చూస్తే తెలిసిపోతుందట. అసలు తోలుకు అంచులో పీచు కనిపిస్తుంది, ఇది పొరలు పొరలుగా విడిపోతోంది. కొత్తదానికి ఒకటిన్నర అంగుళం వెడల్పు, లోపల మెత్తటి అస్తరు, మేకు ఒక్కటి లేదు, అంతా మైనం పట్టించిన దారంతో రెండు వరసల కుట్టు. వెల్డింగు చేసిన స్టీలు రింగులు నేను హార్డ్‌వేరు షాపులో కొనుక్కెళ్లి ఇచ్చాను. మొత్తం 650 రూపాయలు అయింది. ఇచ్చేముందు ఒక కొస గుంజకు తగిలించి, ఇంకో కొస రెండు చేతులతో పట్టుకుని తన బరువంతా వేసి వెనక్కి వాలాడు. ‘ఇప్పుడు పెట్టు’ అన్నాడు.

ఇత్తడి పువ్వులున్న వెడల్పాటి గోధుమ రంగు బెల్టు మీ కుక్క మెడలో ఇప్పుడు ఉంటే, ఇది చదవడం అయ్యాక విప్పి తిరగేసి వేలితో ఒకసారి తడమండి. కొలతలు కావాలన్నవాళ్లకు తాత కుట్టిన బెల్టు వెనకవైపు ఫొటో పంపుతాను, అడగండి.