మా అత్తగారి ఉంగరంలో ఉన్నది ఏ పుష్యరాగం?

రాయిని తూచిన తర్వాతే దాని పేరు చెప్పే దుకాణం చెన్నైలో నాకొకటి దొరికింది. షావుకారుపేటలో ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు పక్క సందులో, ఇరుకు మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లాలి. ఇద్దరు కూర్చుంటే గది నిండిపోతుంది. యజమాని తెలుగువారే.

మా అత్తగారి ఉంగరంలో రాయి కదులుతోందని తీసుకెళ్లాను. ఇంటిల్లిపాదీ దాన్ని కనకపుష్యరాగం అనే అనుకుంటూ వచ్చాం. ఆయన రాయిని ఊడదీసి కాటాలో పెట్టారు, 5.30 క్యారెట్లు. సన్నని తీగకు తగిలించి, గ్లాసు నీళ్లలో మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచారు, 3.80. తగ్గిన ఒకటిన్నరతో మొదటి బరువును భాగిస్తే 3.53. అంటే అంతే పరిమాణం నీటికన్నా రాయి అన్ని రెట్లు బరువన్నమాట.

"ఇది టోపాజ్ అమ్మా. కనకపుష్యరాగమైతే 4 దగ్గరికి వచ్చేది" అన్నారు. కనకపుష్యరాగం కెంపు, నీలం జాతి రాయి. గురుగ్రహానికి పెట్టుకునేది అదేనని, ఆ పేరుతో టోపాజ్ అమ్మనని చెప్పారు.

నా వేలి ఉంగరం కూడా తీసిచ్చాను. రెండేళ్ల క్రితం వేరే చోట టోపాజ్ అని కొన్నది. దాని రాయినీ ఊడదీసి తూచారు. బయట 4.24, నీళ్లలో 2.64. లెక్క 2.65కు వచ్చింది. అది సిట్రిన్, పసుపు స్ఫటికం. మనసు చివుక్కుమంది. పేర్ల తికమక పాతదేనట. టోపాజ్ అన్న మాట ఎర్రసముద్రంలోని జబర్గద్ దీవి పాత గ్రీకు పేరు నుంచి వచ్చిందంటారు. ఆ దీవిలో దొరికేదేమో ఆకుపచ్చని పెరిడాట్.

అత్తగారి రాయిని కిటికీ వెలుగులో తిప్పి చూపించారు. ఒక వైపు ముదురు తేనె రంగు, మరో వైపు లేత గులాబీ. ఇటువంటి ఛాయకు బ్రెజిల్‌లోని ఔరో ప్రెటో ప్రాంతం పేరుపడిందని చెప్పారు. ఆ రంగు చూశాక కనకపుష్యరాగం కాలేదన్న బెంగ నాకు పోయింది.

భూతద్దంలో ఒక అంచున వెంట్రుకంత గీత కనిపించింది. టోపాజ్ కాఠిన్యం మోస్ కొలతలో పదికి 8, సులువుగా గీతలు పడవు. కానీ ఒక దిశలో దెబ్బ తగిలితే పలకలా చీలిపోతుంది. అందుకే రాయి లేకుండానే ఉంగరానికి టంకం వేశారు. శబ్ద తరంగాల అదురుతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయకుండా, గోరువెచ్చని సబ్బు నీళ్లలో మెత్తని బ్రష్షుతో రాయిని శుభ్రం చేశారు.

పళ్లెంలో నీలి టోపాజ్‌లు ముచ్చటగా ఉన్నాయి. నేను అడగకముందే, అవి రంగులేని రాళ్లనీ, రేడియేషన్‌కు గురిచేసి, వేడిచేసి ఆ నీలం తెప్పించారనీ చెప్పారు. అమ్మకం పోతుందేమోనన్న సంకోచం ఆయన ముఖంలో కనిపించలేదు.

నాలుగు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టింది. కూలి 600 రూపాయలు. రసీదులో రాయి పేరే రాశారు, రెండు బరువులూ నేను అడిగి రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి. మధ్యాహ్నం రెండు దాటితే ఎదురు భవనం నీడ కిటికీ మీద పడుతుంది, పొద్దున్నే వెళ్లండి.