పీకేఎం2, పీఎఫ్‌కేఎఫ్‌బీ3: కణవిభజనలో రెండు ఎంజైముల రెండో పాత్ర

చక్కెరను విడగొట్టే ఎంజైముకు కణకేంద్రకంలో ఏం పని అని తిరుపతిలో నా ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రతి ఏటా అడుగుతారు. అప్పుడు నేను పీకేఎం2, పీఎఫ్‌కేఎఫ్‌బీ3 అనే ఈ రెండు ఎంజైములనూ పక్కపక్కన పెట్టి చూపుతాను.

పీకేఎం2 గ్లైకాలిసిస్ (కణం గ్లూకోజ్‌ను విడగొట్టే దారి) చివరి మెట్టులో పైరువేట్‌ను, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఇస్తుంది. పీఎఫ్‌కేఎఫ్‌బీ3 ఆ దారిలో నేరుగా లేదు. ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్‌ను తయారుచేసి ఆ దారిలోనే ఉన్న పీఎఫ్‌కే1 అనే ఎంజైము వేగాన్ని పెంచుతుంది.

రెండో పాత్రలోనే అసలు తేడా ఉంది. ఉల్లి వేరు కొన స్లైడులో క్రోమోసోములు నడుమ బారుతీరిన కణాన్ని చూపిస్తూ, ఆ అమరిక పూర్తయ్యేదాకా విభజనను ఆపి ఉంచే కాపలా ప్రోటీన్లలో బబ్3 ఒకటని, మన క్యాన్సర్ కణాల్లో పీకేఎం2 దానికి ఫాస్ఫేట్ తగిలిస్తుందని ఒక పరిశోధక బృందం ప్రకటించిందని చెబుతాను. డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లలో ఒకటైన హిస్టోన్ హెచ్3 కూ పీకేఎం2 ఫాస్ఫేట్ చేర్చి, కణాన్ని విభజనవైపు నడిపే సైక్లిన్ డీ1 అనే ప్రోటీన్‌ను పెంచుతుందని 2012లో వెలువడింది. అయితే పీకేఎం2 ప్రోటీన్ కైనేజ్‌గా, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైముగా పనిచేస్తుందనడానికి ఆధారం దొరకలేదని 2015లో మరో బృందం రాసింది. ఈ అభ్యంతరాన్ని దాచి పాఠం చెప్పడం విద్యార్థులకు అన్యాయం.

పీఎఫ్‌కేఎఫ్‌బీ3 విషయంలో అంత పెద్ద వాదన అవసరం లేదు. కేంద్రకంలో అది తన పాత పనే చేస్తుంది, దాని ఉత్పన్నమైన ఫ్రక్టోజ్-2,6-బిస్‌ఫాస్ఫేట్, కణవిభజనను నడిపే సీడీకే ఎంజైముల ద్వారా, విభజనకు అడ్డుపడే పీ27 ప్రోటీన్ నాశనానికి దారితీస్తుంది. ఉత్ప్రేరక శక్తి పోగొట్టిన ఎంజైముతో ఆ ఫలితం రాలేదు. అందుకే నేను మొదట దీన్నే బోధిస్తాను.

మందుల లక్ష్యంగానూ పీకేఎం2 చిక్కుముడే: ఎలుకల రొమ్ము క్యాన్సర్ నమూనాలో దాన్ని తొలగించినా కణితులు పెరిగాయి.