కోళ్ల గూటికి అరంగుళం వెల్డ్ మెష్: వాడి చూసిన అభిప్రాయం

పెరటి కోళ్ల గూటికి మామూలు కోళ్ల వలను తొలగించి, అరంగుళం కన్నుల గాల్వనైజ్డ్ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన) వెల్డ్ మెష్ బిగించాను. పాత వల కోళ్లను బయటికి పోనీయదే గాని, కుక్క పళ్లకు ఆగదు. ఈ మెష్‌లో తీగలు కలిసే ప్రతిచోటా వెల్డింగ్ ఉన్నందువల్ల ఒక తీగ తెగినా పక్క గడి విచ్చుకోదు. గూటి చుట్టూ అడుగు వెడల్పున నేలమీద బయటి వైపుకు పరిచి మట్టి కప్పితే, గోడ మొదట్లో తవ్వే జంతువు గోళ్లకు మట్టికి బదులు తీగే తగులుతుంది. కత్తిరించిన అంచులు మాత్రం చేతులను గీరేస్తాయి. మెష్‌ను పిన్నులతో సరిపెట్టకుండా వాషర్లు వేసిన స్క్రూలతో బిగించాలన్న ముఖ్యమైన మాట అమ్మినవారు చెప్పలేదు, చెప్పవలసింది. సన్నని పాముపిల్లలు అరంగుళం సందులోనూ దూరగలవు కాబట్టి, పాములు అసలే రావన్న ప్రకటనను నేను ఒప్పుకోను.