బ్రాడీపేటలో కొన్న పరిమళ తైలాల పెట్టె: నూనెలు మేలైనవే, కరపత్రమే ప్రమాదకరం

గుంటూరు బ్రాడీపేటలోని ఒక ఆయుర్వేద వస్తువుల దుకాణంలో నీలగిరి, నిమ్మగడ్డి, లవంగ, లావెండర్, నిమ్మ తైలాలను 10 మిల్లీలీటర్ల సీసాల్లో, ఒక చిన్న డిఫ్యూజరుతో (నీటిలో వేసిన తైలాన్ని సన్నని తుంపరగా గదిలోకి వదిలే పరికరం) కలిపి పెట్టెగా అమ్ముతున్నారు. నూనెల నాణ్యత విషయంలో నాకు ఫిర్యాదు లేదు. సీసాలన్నీ ముదురు గోధుమరంగు గాజువి. ప్రతి లేబులు మీదా మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉన్నాయి. గాలీ వెలుతురూ తగిలితే నిమ్మ, లావెండర్ వంటి నూనెలు ఆక్సీకరణం చెంది చర్మానికి అలర్జీ కలిగించే పదార్థాలుగా మారతాయి కనుక, మన ఎండలకు ఇలాంటి గాజు సీసా, బిగుతైన మూత, చల్లని చోటు తప్పనిసరి. అమ్మే ముందు ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు, పిల్లులు ఉన్నారా అని దుకాణదారు అడగడం నాకెంతో నచ్చింది.

అంత శ్రద్ధ ఉన్నవారు పెట్టెలో పెట్టిన కరపత్రాన్ని మాత్రం ఎలా అచ్చు వేయించారో అర్థం కాలేదు. జలుబు చేస్తే పసిపాప ముక్కు దగ్గర నీలగిరి తైలం రాయమనీ, పెద్దవారు వేడినీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగమనీ అందులో ఉంది. రెండూ చేయకూడనివే. నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండే సినియోల్ ఘాటు పసిపిల్లల శ్వాసను ఇబ్బంది పెట్టగలదు. ఇక మింగితే, ఒక టీస్పూను, అంటే ఈ సీసాలో సగం, చిన్నపిల్లలకు మగత, మూర్ఛ తెప్పించేందుకు చాలు. అలాంటిది ఈ పెట్టెలో నీలగిరి సీసాకే చుక్కలుగా పడనిచ్చే లోపలి బిరడా లేదు, మూత పిల్లలు సులువుగా తిప్పి తీయగలిగేది. ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకూడదు. వాంతితో నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. సీసాను వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోను చేయాలి. కరపత్రంలో మొట్టమొదట ఉండవలసిన ఈ మాట ఎక్కడా లేదు.

ఒంటికి రాసుకోవడానికి "కొబ్బరినూనెలో కొన్ని చుక్కలు" అని రాశారు. కొన్ని అంటే ఎన్ని? 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెకో నువ్వులనూనెకో ఆరు చుక్కలు కలిపితే సుమారు ఒక శాతం అవుతుంది, పెద్దవారికి అది చాలు. లవంగ, నిమ్మగడ్డి తైలాలు చర్మాన్ని త్వరగా మండిస్తాయి కనుక వాటికి మూడు చుక్కలే వాడాలి, ముందుగా ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడాలి. పంటినొప్పికి లవంగనూనెను దూదితో నేరుగా అద్దడం మన ఇళ్లలో అలవాటే, కానీ పలచన చేయని నూనె చిగుళ్లను కాల్చుతుంది. నిమ్మ తొక్కల నుండి పిండి తీసిన నూనె రాసుకున్న చోట 12 గంటల పాటు ఎండ తగలనివ్వకూడదు, మచ్చలు పడవచ్చు.

డిఫ్యూజరు బాగా పనిచేస్తోంది, నీళ్లు అయిపోగానే దానంతటదే ఆగిపోతుంది. 100 మిల్లీలీటర్ల నీటికి మూడు నాలుగు చుక్కలు వేసి, కిటికీ తెరిచి ఉంచి, అరగంటకు మించకుండా వాడితే గది నిండా హాయిగా ఉంటుంది. అయితే మిర్చి సీజనులో మిర్చి మార్కెట్ యార్డు పరిసరాల్లో గాలి ముందే ఘాటెక్కి ఉంటుంది, అప్పుడు ఉబ్బసం ఉన్నవారున్న ఇంట్లో దీన్ని పెట్టకపోవడమే మంచిది. పిల్లుల కాలేయం ఈ తైలాల్లోని కొన్ని పదార్థాలను సరిగ్గా విరిచి బయటకు పంపలేదు కనుక, అవి తిరిగే గదిలోనూ వద్దు. ఇవన్నీ మండే నూనెలే కాబట్టి దేవుడి గదిలో దీపం పక్కన సీసాలు ఉంచకూడదు.

కరపత్రం సంగతి చెప్పినప్పుడు దుకాణదారు శ్రద్ధగా విన్నారు, తదుపరి అచ్చులో మారుస్తామన్నారు. అంతవరకు ఈ పెట్టె కొనేవారు కాగితాన్ని పక్కన పెట్టి, నీలగిరి సీసాను చుక్కల బిరడా ఉన్నదానితో మార్చి ఇమ్మని అడగండి; నేను అడిగితే అదనంగా ఏమీ తీసుకోకుండా మార్చి ఇచ్చారు.