తిరుపతి చుట్టుపక్కల ఆదివారం పక్షుల నడక: నాలుగుసార్లు వెళ్లి వచ్చాక

కిందటి కార్తీకం నుంచి ఈ చైత్రం వరకు, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలిని వెంటబెట్టుకుని, తిరుపతి పరిసరాల్లో కొందరు ప్రకృతి ప్రేమికులు నడుపుతున్న ఆదివారం పక్షుల నడకకు నాలుగుసార్లు వెళ్లాను. మనిషికి 200 రూపాయలు, బడి పిల్లలకు అందులో సగం తీసుకుంటారు. ఉదయం 6 గంటలకు మొదలుపెట్టి 9 గంటలకు ముగిస్తామని చెబుతారు. డబ్బు పెట్టి పిట్టలను చూడడం ఏమిటని మా ఇంట్లో అడిగినట్టే మీ ఇంట్లోనూ అడగవచ్చు కనుక, నా అభిప్రాయం ముందే చెబుతాను. బైనాక్యులర్ ఎప్పుడూ పట్టని వారికి, కాకి, పిచ్చుక, చిలుక, కొంగ అన్న నాలుగు పేర్లతో సరిపెట్టుకుంటున్న వారికి ఈ నడక నిస్సందేహంగా ఉపయోగపడుతుంది. మంచి ఫొటో కోసం వచ్చేవారికి మాత్రం నిరాశే మిగులుతుంది, ఎందుకంటే ఇక్కడ పిట్ట వెంట పడనివ్వరు.

మొదటి నడక పేరూరు బండ మీది వకుళమాత ఆలయం దూరంగా కనిపించే ఒక చెరువు గట్టు మీద జరిగింది. అందరూ చేరగానే బయలుదేరతామనుకుంటే, గైడు మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి, పది నిమిషాలు కళ్లు మూసుకుని వినమన్నారు. ఆ తరువాత ఎవరు ఏమి విన్నారో ఒక్కొక్కరినీ అడిగి, మేము చెప్పిన వంకర టింకర వర్ణనలకు ఒక్కొక్క పేరు జతచేశారు. ఖాళీ కుండలోకి ఊదినట్టు ‘ఊప్, ఊప్’ అని వినిపించినది జెముడు కాకి, తగవులాడుతున్నట్టు వినిపించినవి గోరువంకలు, తుమ్మ చెట్టులోంచి గలగలమన్నది పికిలి పిట్ట. ఈ మూడూ మా వీధిలో రోజూ వినిపించే గొంతులే అయినా, అరవై రెండేళ్ల వయసులో వాటిని వేరు చేసి వినడం నాకు అదే మొదటిసారి.

తరువాతి పావుగంట బైనాక్యులర్ పట్టుకోవడం నేర్పడానికి వెచ్చించారు. ఈ పాఠం ఒక్కటే మొదటి నడక రుసుముకు సరిపోతుంది. కళ్లజోడు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు గొట్టాలను లోపలికి తిప్పుకోవాలని, ముందు ఎడమ కంటికి స్పష్టత కుదుర్చుకుని ఆ తరువాత కుడి కంటి చక్రాన్ని సవరించుకోవాలని, చూపును పిట్ట మీదనే నిలిపి బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలే తప్ప బైనాక్యులర్‌తో పిట్టను వెతకకూడదని ఓపికగా చేయించి చూపారు. కొనదలచిన వారికి 8x42 సరిపోతుందన్నారు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు ఉండడం వల్ల తెల్లవారుజామున కూడా తగినంత వెలుతురు అందుతుంది. పది రెట్లదైతే చేతి వణుకు కూడా అంతే పెద్దదిగా కనిపిస్తుంది, పైగా కనిపించే మేర తగ్గిపోతుంది. దుకాణంలో ‘సంఖ్య ఎంత పెద్దదైతే అంత మంచిది’ అనే మాట విని పెద్దది కొని తెచ్చుకున్న ఒకరు ఆ రోజంతా దానితో అవస్థ పడడం నేను చూశాను.

ఆ ఉదయం బైనాక్యులర్‌లో నేను సరిగ్గా చూసిన మొదటి పక్షి నత్తగుల్ల కొంగ. దాని పై ముక్కు, కింది ముక్కు కొసల దగ్గర కలుసుకుని, నడుమ మాత్రం కాస్త సందు మిగులుతుంది. ఆ సందు పెద్ద పక్షులకే ఉంటుంది, పిల్లలకు ఉండదు. మోకాలి లోతు నీటిలో నిలబడి, బురదలోంచి ఒక గుల్లను పైకి తీసి, నేలకు అదిమి పెట్టి, కింది ముక్కు కొసను మూత కిందికి జొనిపి, లోపలి కండరాన్ని తెంచి, మెత్తని నత్తను లాగి మింగేసింది. గుల్ల మాత్రం పగలకుండా అక్కడే పడి ఉంది. ఆ సమయానికి గట్టు మీద గొర్రెలు తోలుకు వెళ్తున్న ఒక పెద్దాయనను గైడు ఆపి, ‘పెద్దాయనా, ఒకసారి చూడు’ అంటూ తన బైనాక్యులర్ ఇచ్చారు. ఆయన చాలాసేపు చూసి, ‘గుల్ల పగలగొట్టదు సామీ, ఒలిచి తింటాది. మా నాయన చెప్తా ఉండె’ అన్నారు. గైడు జేబులోంచి పుస్తకం తీసి, ఆ మాటను ఆయన అన్నట్టుగానే రాసుకున్నారు. ఈ నడకను నడిపేవారి మీద నాకు గౌరవం కలిగింది ఆ క్షణంలోనే.

ప్రతి పక్షికీ ముందు తెలుగు పేరు చెప్పి, ఆ తరువాతే ఇంగ్లీషు పేరు చెప్పడం వీరి పద్ధతి. ఏట్రింత, లకుముకి, బుడుబుంగ, తోకపిగిలి, వంగపండు వంటి పేర్లు మా అమ్మమ్మ కాలం వరకు వాడుకలో ఉండి, మా ఇంట్లో నా తరానికే ఆగిపోయాయి. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ అనే ఆంగ్లేయుడు యానాదుల నుంచి జంతువుల గురించి, పక్షుల గురించి సమాచారం సేకరించి, తెలుగు పేర్లను కూడా నమోదు చేసిపెట్టాడని అక్కడే తెలుసుకున్నాను. ఇంకొక సంగతి నన్ను మరింత ఆశ్చర్యపరచింది. చలికాలంలో ఉత్తరాది నుంచి మన అడవులకు వచ్చి, ఆకురాలిన నేల మీద పురుగులు ఏరుకునే పొన్నంగి పిట్ట ఉంది కదా, దాని జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘పిట్టా’. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఖాయం చేసిన ఆ పేరు మన తెలుగు మాటే. ఉదయం, సాయంత్రం దాదాపు ఒకే వేళకు కూస్తుంది కనుక తమిళంలో దానిని ‘ఆరుమణి కురువి’, అంటే ఆరు గంటల పిట్ట, అంటారని చిత్తూరు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు జోడించారు. రెండు భాషలు కలిసి బతికే జిల్లా కనుక ఇటువంటి ముచ్చట్లు నడకలో తరచుగా దొర్లుతాయి, గైడు వాటిని తుంచరు.

మార్గశిరంలో వెళ్లిన రెండవ నడక శేషాచలం పాదాల దగ్గరి రాళ్ల పొదల్లో జరిగింది. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989లో ఏర్పడింది, శేషాచలం కొండలకు 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తింపు లభించింది. అందువల్ల అనుమతి లేని అడవిలోకి ఒక్క అడుగు కూడా వేయనివ్వరు, అందరూ తిరిగే దారిని విడిచిపెట్టరు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడులు జరిగిన తరువాత, కొండ పక్క నడకలను పూర్తిగా తెల్లవారాకే మొదలుపెడుతున్నారు, పిల్లలను గుంపు నడుమ నడిపిస్తున్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. అక్కడ అందరూ ఎదురుచూసేది పసుపు గొంతు పికిలి కోసం. దక్షిణ భారతంలోని రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని ఈ పక్షి మన శేషాచలంలోనూ, హార్స్‌లీ కొండల్లోనూ ఉంది. ప్రమాదపు అంచుకు చేరుతున్న జాతిగా దీనిని పరిగణిస్తున్నారు.

గంటన్నర ఎదురుచూశాక ఒక బండ పక్క పొదలో ఏదో కదిలింది. నలుగురైదుగురు ‘అదే, అదే’ అన్నారు. గైడు మాత్రం, ‘తెల్ల కనుబొమ పికిలి కూడా ఇలాంటి పొదల్లోనే ఉంటుంది, గొంతు కనబడేదాకా నేను రాయను’ అని చెప్పి, జాబితాలో ఆ వరుసను ఖాళీగానే వదిలేశారు. వచ్చినవారిని సంతోషపెట్టడానికి చూశామని చెప్పేయడం ఎంతో సులభం. వీరి జాబితాలు ఇతర పరిశీలకులు కూడా వాడుకునే ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల పట్టికలోకి వెళ్తాయి కనుక ఒక తప్పుడు నమోదు చాలాకాలం నిలిచిపోతుందని తరువాత వివరించారు. నాకు ఆ పక్షి ఇంకా కనబడలేదు.

ఇక్కడ ఒక పాత అనుభవం చెప్పకుండా ఉండలేను. రెండేళ్ల కిందట వేరొక బృందంతో, ఎక్కువ రుసుము చెల్లించి, ఒక కొండ ప్రాంతానికి వెళ్లాను. అక్కడి గైడు చేతిలో చిన్న స్పీకరు పట్టుకుని, ఒక పిట్ట కూతను మళ్లీ మళ్లీ వినిపించాడు. మగ పిట్ట తన చోటులోకి మరొకటి చొరబడిందనుకుని, ఈకలు విదిలించుకుంటూ మా తలల మీదుగా అటూ ఇటూ ఎగిరింది. కెమెరాలు తృప్తిగా పనిచేశాయి. అది గూడు కట్టే కాలమని, ఆ పిట్ట మేత మానుకుని, గూడు కాపలా విడిచిపెట్టి మా దగ్గరికి వచ్చిందని నాకు ఆనాడు తెలియదు. తెలిసిన తరువాత ఆ రోజు తీసిన ఫొటోలు చూడాలనిపించలేదు. ఈ ఆదివారం నడకలో కూతలు వినిపించడం పూర్తిగా నిషేధం. గూడు కనబడితే దాని ఫొటో తీయకూడదు, చోటు వాట్సాప్‌లో పంచుకోకూడదు. మొదటి పది నిమిషాలలోనే ఈ మాట కచ్చితంగా చెబుతారు.

ఆ నియమం ఎంత అవసరమో చైత్రంలో జరిగిన నాలుగవ నడకలో కళ్లారా చూశాను. ఎండిన చెరువు అంచున మేము నడుస్తుండగా ఒక తీతువు పిట్ట గొంతు చించుకుని అరుస్తూ మా ముందు అడ్డంగా ఎగరసాగింది. మాతో వచ్చిన ఒకావిడ వెంటనే వెనక్కి తగ్గి, తీతువు అరిస్తే మంచిది కాదని, ఇంటికి వెళ్దామని అన్నారు. గైడు ఆమెను తేలికచేసి మాట్లాడలేదు. ‘అమ్మా, అది మనల్ని చూసి భయపడుతోంది. మన కాళ్ల దగ్గర ఎక్కడో దాని గుడ్లు ఉండాలి, అందరం ఉన్నచోటే ఆగుదాం’ అన్నారు. బైనాక్యులర్‌తో నేలను జాగ్రత్తగా గాలించగా, పది అడుగుల దూరంలో గులకరాళ్ల నడుమ నాలుగు గుడ్లు, సన్నని కొసలు లోపలికి చేసి, రాళ్లలో రాళ్లలా కనిపించాయి. గూడంటూ లేదు, నేల మీద అరచేయంత గుంట మాత్రమే ఉంది. మేము వచ్చిన దారినే వెనక్కి తగ్గి, గట్టు వెనుక కూర్చుని చూస్తే, కాసేపటికి ఆ తల్లి తడిసిన పొట్టతో వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండ ముదిరితే అది నీటిలో పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుందట. ఇంటికి వెళ్దామన్న ఆవిడే అందరికంటే ఎక్కువసేపు బైనాక్యులర్ దించకుండా చూశారు.

ఇక లోపాలు. మూడవ నడకగా పుష్యంలో సంక్రాంతి తరువాత వాహనంలో తీసుకువెళ్లిన నేలపట్టు, పులికాట్ యాత్ర నాకు సంతృప్తి ఇవ్వలేదు. దీనికి రుసుము వేరుగా తీసుకుంటారు. నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పిల్లలకు మేత పెడుతున్న దృశ్యమే ఒక పూట చూడదగినది. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని నమ్మి, ఆ ఊళ్లవారు తరతరాలుగా ఆ పక్షులను కాపాడుకుంటున్న సంగతి వారి నోటనే తీరికగా వినవలసినది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారిలో, తలను తలకిందులుగా నీటిలో ముంచి మేత వడపోసుకునే రాజహంసలకు (ఫ్లెమింగోలకు) మరో పూట కావాలి. ఈ రెండింటినీ ఒకే రోజులో ఇమిడ్చి, ప్రతిచోటా గడియారం చూస్తూ పరుగెత్తించారు. తిరుపతి దగ్గర నిదానం నేర్పిన వారే అక్కడ తొందరపెట్టడం బాధ కలిగించింది.

చెరువు నడకల్లోనూ సరిదిద్దవలసినవి ఉన్నాయి. పదిహేను మందికి మించి తీసుకోబోమని చెప్పి, కార్తీకంలో ఇరవై ఆరుగురిని చేర్చుకున్నారు, వెనుక ఉన్నవారికి గైడు మాటే వినబడలేదు. అద్దెకిచ్చే బైనాక్యులర్లు నాలుగే ఉండడం వల్ల పిట్ట ఎగిరిపోయాక వంతు వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. చెరువుల దగ్గర మరుగుదొడ్డి ఉండదన్న మాట ఆడవారికి ముందుగా చెప్పకపోవడం పెద్ద లోపం. నోట తెలుగు పేర్లు ఇంత చక్కగా చెప్పేవారు చేతికి ఇచ్చే పక్షుల జాబితాను మాత్రం ఇంగ్లీషులోనే ముద్రించారు. ఈ విషయం చెబితే కాదనలేదు, తెలుగు జాబితా తయారుచేస్తున్నామన్నారు. తొమ్మిదికి ముగియవలసినది తరచు పదింటిదాకా సాగుతుంది, ఫాల్గుణం దాటాక మన ఎండకు అది పెద్దవారికి కష్టం.

వెళ్లదలచినవారు నీళ్ల సీసా, టోపీ, మట్టిరంగు బట్టలు, పాత బూట్లు సిద్ధం చేసుకోండి. నడకకు ముందు సెంటు పూసుకోకపోయినా ఫర్వాలేదు కానీ ఫోను మోత ఆపడం మాత్రం మరువకండి. తొలిసారి వెళ్లేవారు కార్తీకం నుంచి మాఘం దాకా జరిగే చెరువు నడకను ఎంచుకోవడం మంచిది. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువులు నిండి ఉంటాయి, వలస బాతులు కూడా దిగుతాయి, ఒకే చోట నిలబడి ఎక్కువ రకాలను చూడవచ్చు.

నేను తరువాత వెళ్లేది గిజిగాళ్ల నడకకు. మగ గిజిగాడు ఈత చెట్టు కొనకు గూటిని సగం వరకు, తలకిందులైన బుట్టలా అల్లి, రెక్కలు ఆడిస్తూ ఆడదాన్ని పిలుస్తుంది. ఆమె లోపలికి దూరి, పోచలు లాగి పరీక్షించి ఒప్పుకుంటేనే మిగతా సగం, కింది గొట్టం అల్లుతుంది. ఒప్పుకోకపోతే ఆ సగం గూళ్లు అలాగే వేలాడుతూ ఉండిపోతాయి. వానలు మొదలైన కొద్ది వారాలలోనే ఆ పరీక్షను దగ్గరగా చూడగలం కనుక, మా మనవరాలు ఇప్పుడే ఇద్దరి పేర్లూ రాయించింది. ఈసారి పదిహేను మందికి మించరని మాట కూడా తీసుకుంది.