స్కర్టా, పంజాబీ డ్రెస్సా, ప్యాంటా: ఆడపిల్లల యూనిఫాంకు ఏది మేలు?

ముందే చెప్పేస్తాం. ఆరో తరగతి నుంచి పైకి ఆడపిల్లల యూనిఫాంకు ప్యాంటే మేలు. కాకపోతే మగపిల్లల కొలతలతో కోసిన ప్యాంటు వద్దు. పంజాబీ డ్రెస్ అడిగే పిల్లకు అది లేకుండా చేసే ప్యాంటూ వద్దు. స్కర్టును మాత్రం పెద్ద తరగతుల్లో ఎవరికీ తప్పనిసరి చేయకూడదు. ఎందుకో గుడ్డ, కుట్టు, బాత్రూం, సైకిలు లెక్కల్లోనే చూద్దాం.

తెలంగాణ సర్కారు బడుల్లో ఏటా రెండు జతలు ఉచితంగా ఇస్తున్నారు. కింది తరగతుల ఆడపిల్లలకు ఫ్రాకు, స్కర్టు. హైస్కూలు పిల్లలకు పంజాబీ డ్రెస్. గుడ్డ సిరిసిల్ల మరమగ్గాల మీద నేసింది, కుట్టేది మహిళా సంఘాల వాళ్లు. కాబట్టి పెద్ద పిల్లలకు స్కర్టు అన్నది ఎక్కువగా హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ వంటి చోట్ల ప్రైవేటు బడుల సంగతి. కొన్ని బడుల్లో ఏడో తరగతి దాకా, కొన్నింట్లో పది దాకా స్కర్టే నడుస్తోంది. అందుకే ఇక్కడ పోలిక రెండింటి మధ్య సరిపోదు, మూడింటినీ పక్కపక్కన పెట్టాలి.

స్కర్టుకు గుడ్డ ఎంత పడుతుంది?

స్కర్టుకు గుడ్డ తక్కువ, ప్యాంటుకు ఎక్కువ అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. గుడ్డను బల్ల మీద పరిస్తే లెక్క తిరగబడుతుంది. నడుము 26 అంగుళాలున్న పన్నెండేళ్ల పిల్లకు చుట్టూ కుచ్చులు పెట్టి స్కర్టు కుట్టాలంటే, ఒక్కో కుచ్చు తన వెడల్పుకు మూడింతల గుడ్డ తీసుకుంటుంది. అంటే కింది చుట్టుకొలత 78 అంగుళాలు. 58 అంగుళాల పన్నాలో, అంటే అంత వెడల్పు గుడ్డలో, ఒక నిడివి చాలదు, రెండు కోయాలి. పొడవు 22, కింది మడత 3, పైకుట్టుకు 1, కలిపి ఒక్కో నిడివి 26 అంగుళాలు. రెండింటికీ 52 అంగుళాలు, అంటే మీటరు 32 సెంటీమీటర్లు. అదే పిల్లకు అదే పన్నాలో 36 అంగుళాల పొడవు ప్యాంటుకు ఇంకో 5 అంగుళాలు కలిపితే చాలు. 41 అంగుళాలు, మీటరు 4 సెంటీమీటర్లు.

కుచ్చులతో ఇంకో తంటా ఉంది. కాటన్ ఎక్కువున్న గుడ్డలో కుచ్చులు రెండు ఉతుకులకే విచ్చుకుంటాయి, రోజూ ఇస్త్రీ కావాలి. పాలిస్టర్ ఎక్కువైతే కుచ్చు నిలుస్తుంది గానీ గాలి ఆడదు. పిల్ల నడుము పెరిగితే అన్ని కుచ్చులూ కొంచెం కొంచెం విప్పి సర్దాలి. అంత ఓపిక, అంత కూలి ఎవరికీ గిట్టదు. హుక్కు జరిపి ఊరుకుంటారు. అప్పుడు కుచ్చులన్నీ ఒక పక్కకు లాగి, అటువైపు నోరు తెరుచుకుంటాయి.

పైగా పెద్ద పిల్లకు స్కర్టు ఒక్కటే సరిపోదు. లోపల షార్ట్స్, కింద మోకాలి దాకా సాక్సులు. "స్కర్టు చల్లగా ఉంటుంది" అనే మాట లోపల షార్ట్స్ లేనప్పుడే నిజం. షార్ట్స్ లేకుంటే జూన్ ఉక్కకు చెమట పట్టి తొడలు ఒరుసుకొని మంట పుడుతుంది. ఉంటే ప్యాంటుకన్నా ఒక పొర ఎక్కువ తొడిగినట్టే.

అన్నిటికన్నా మాకు ముఖ్యంగా తోచేది కూర్చోవడం, వంగడం. తొమ్మిదో తరగతి పిల్ల చేతిలోంచి పెన్ను జారి కింద పడితే ఎలా తీస్తుందో గమనించండి. ఎడమ చేత్తో స్కర్టును మోకాళ్ల వెనక అదిమిపట్టుకుంటుంది, వెన్ను వంచకుండా రెండు మోకాళ్లూ కలిపి పక్కకు దిగుతుంది, కుడి చేత్తో పెన్ను అందుకుంటుంది, లేస్తూ మళ్లీ వెనక సర్దుకుంటుంది. మెట్లెక్కేటప్పుడు ఇదే, కింద కూర్చుని లేచేటప్పుడు ఇదే, గాలి వీస్తే ఇదే. పక్కన కూర్చునే మగపిల్లవాడికి ఇందులో ఒక్కటీ లేదు. పాఠం మీద పెట్టాల్సిన ధ్యాస రోజంతా బట్టల మీద పెట్టమని బడే చెప్పడం అన్యాయం.

బండి ప్రయాణం సంగతి ఇంకా గట్టిది. నర్సంపేట రోడ్డు మీదో, పరకాల రోడ్డు మీదో నాన్న బండి వెనక స్కర్టుతో కూర్చున్న పిల్ల ఒక పక్కకే కాళ్లు వేసి కూర్చుంటుంది. అలా కూర్చుంటే పట్టు తక్కువ, గుంత వచ్చినప్పుడు జారే ప్రమాదం ఎక్కువ. ప్యాంటు వేసుకుంటే రెండు వైపులా కాళ్లు వేసి గట్టిగా పట్టుకుని కూర్చోవచ్చు.

స్కర్టుకు ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. బాత్రూంలో అన్నిటికన్నా సులువు అదే. అంచు తడవదు, ముడి విప్పే పని లేదు. అందుకే ఐదో తరగతి లోపు పిల్లలకు ఫ్రాకు, స్కర్టు ఉన్నా పెద్దగా నష్టం లేదు, లోపల నిక్కరు ఉంటే చాలు. ఆ వయసులో పూర్తి ఎలాస్టిక్ ప్యాంటు కూడా అంతే సులువు.

పంజాబీ డ్రెస్: పీటముడి, చున్నీ

పంజాబీ డ్రెస్ మన ఊళ్లకు బాగా కుదిరిన బట్ట. ఒళ్లు కప్పుతుంది, గుడ్డ పల్చన, త్వరగా ఆరుతుంది, ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పరు. గుడ్డ మాత్రం ఎక్కువ పడుతుంది. 44 అంగుళాల పన్నాలో పెద్ద పిల్లకు టాప్‌కు రెండు మీటర్లు, పైజామాకు రెండు, చున్నీకి మరో రెండు, కలిపి ఆరు మీటర్ల దాకా.

ఇందులో రెండు లోపాలున్నాయి, రెండూ సరిచేయగలిగినవే. మొదటిది నాడా. పది నిమిషాల ఇంటర్వెల్, బాత్రూం ముందు వరుస. లోపలికి వెళ్లిన ఆరో తరగతి పిల్లకు చెమటకు బిగిసిన పీటముడి గోళ్లతో ఊడదు. బయట తలుపు కొడుతుంటారు. ఇలా ఒకటి రెండుసార్లయితే ఆ పిల్ల మధ్యాహ్నం దాకా నీళ్లు తాగడమే మానేస్తుంది. ఎండాకాలంలో అది ఒంటికి చేటు. నాడా తీసేసి అంగుళం వెడల్పు ఎలాస్టిక్ వేస్తే ఈ బాధ పోతుంది. ఎలాస్టిక్‌ను నడుము కొలతకన్నా మూడు అంగుళాలు తక్కువ కోయాలి. అంతకన్నా బిగిస్తే నడుము చుట్టూ చార పడి దురద పెడుతుంది.

రెండోది చున్నీ. సైకిలు గీరెలోనో, బండి చైనులోనో చున్నీ కొస చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. పిన్నులు పెట్టినా ఉరుకులో ఊడిపోతాయి. చున్నీకి బదులు చేతుల్లేని కోటు పెట్టిన బడులు చాలా ఉన్నాయి, అదే సరైన పద్ధతి. టాప్ పొడవు కూడా మోకాలికి రెండు అంగుళాలు పైనే ఆగాలి.

ప్యాంటు ఎక్కడ చెడుతుంది?

ప్యాంటు పెట్టి చూశాం, పిల్లలకు నచ్చలేదు అని కొన్ని బడుల వాళ్లు అంటారు. నూటికి తొంభై సార్లు తప్పు కోతలో ఉంటుంది. పదమూడేళ్ల ఆడపిల్లకు నడుము 26 ఉంటే పిరుదుల దగ్గర 34 దాకా ఉండొచ్చు, తేడా 8 అంగుళాలు. అదే వయసు మగపిల్లవాడిలో తేడా దాదాపు సగమే. మగపిల్లల ప్యాంటు కోత మీదే ఆడపిల్లలకూ కుడితే నడుము దగ్గర వెనక గుప్పెడు సందు, తొడల దగ్గర బిగుతు. కూర్చుంటే వెనక పట్టీ కిందికి జారుతుంది, పిల్ల మళ్లీ అంగీ లాక్కుంటూనే ఉంటుంది. స్కర్టుతో పడిన బాధే పేరు మార్చుకుని వస్తుంది.

దీనికి మందు తెలిసిందే. కొలత పిరుదుల దగ్గర తీసుకుని, దాని మీద 3 అంగుళాల లూజు ఉంచాలి. వెనక రెండు డార్టులు (నడుము దగ్గర గుడ్డను ఒంటికి దగ్గరచేసే మడత కుట్లు), పట్టీలో వెనక సగానికి ఎలాస్టిక్. ముందు హుక్కు, చిన్న జిప్పు. ముందుకన్నా వెనక పట్టీ అంగుళంన్నర ఎత్తుగా ఉంటే వంగినా, గొంతు కూర్చున్నా జారదు. వెనక మధ్యకుట్టు లోపల ఒకటిన్నర అంగుళాల గుడ్డ వదలాలి, వచ్చే ఏడాది విప్పుకోవచ్చు. కింద 3 అంగుళాల మడత. అడుగు చుట్టుకొలత 14 అంగుళాలు ఉంటే బాత్రూంలో మడమ పైకి మడుచుకోవడానికి వీలవుతుంది, సైకిలు చైనులో పడేంత వెడల్పూ కాదు. పొడవు చీలమండ దగ్గరే ఆగాలి. చెప్పు మీద పడేలా పెడితే ముసురు రోజుల్లో బడి ఆవరణలోని బురద, బాత్రూం తడి అంతా అంచులోనే.

గుడ్డ బరువు కూడా చూసుకోవాలి. మగవాళ్ల ప్యాంట్లకు వాడే మందం సూటింగు వద్దు. చదరపు మీటరుకు 180 నుంచి 200 గ్రాముల పాలిస్టర్ విస్కోస్ సరిపోతుంది. 220 దాటితే జూన్ రెండో వారంలో, ఎండ ఇంకా 40 డిగ్రీల దరిదాపుల్లో ఉండగానే, ఆ ప్యాంటుతో పిల్లల్ని బడిలో కూర్చోబెట్టాలి. ముసురులో నడుము పట్టీ, జేబులు రెండు రోజులైనా ఆరవు. జేబుకు పల్చటి కాటన్ వాడితే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది.

జేబుల్ని తీసేయొద్దు. ఆడపిల్లల ప్యాంటుకు జేబెందుకని అడిగే దర్జీలు ఇప్పటికీ ఉన్నారు. రుమాలు, బస్ పాసు, నెలసరి రోజుల్లో ఒక ప్యాడు, ఇవన్నీ పెట్టుకోవడానికి 7 అంగుళాల లోతు జేబు కావాలి. ప్యాడు కోసం సంచి మొత్తం భుజాన వేసుకుని క్లాసులోంచి లేచి వెళ్లే పిల్ల వైపు అందరూ చూస్తారు. జేబుంటే ఆ అవస్థ ఉండదు. రంగు నేవీ బ్లూ, ముదురు బూడిద వంటివైతే మరక భయం తగ్గుతుంది. శనివారం తెల్ల డ్రెస్ పెట్టే బడులు పైన తెలుపు, కింద ముదురు రంగు పెట్టుకుంటే ఎంత మేలో ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది.

అంగీని లోపల దోపుకోవాలనే నియమం కూడా వద్దు. పక్కల చీలికలు పెట్టి, పిరుదుల కింద నాలుగు అంగుళాల దాకా వచ్చే అంగీ బయట వదిలేస్తే పిల్లలకు బెరుకుండదు, పెద్దలకూ అభ్యంతరం తగ్గుతుంది.

కాళ్లు కప్పడం వల్ల ఇంకో లాభం ములుగు, భూపాలపల్లి, ఆసిఫాబాద్ వైపు ఎక్కువ. డెంగీ దోమ పగటి పూటే కుడుతుంది, బెంచీల కింద చీకట్లో ఉండి కాళ్లనే పట్టుకుంటుంది. వానాకాలంలో నిండు బట్టలు వేసుకోమని వైద్య సిబ్బంది చెప్పేది ఇందుకే. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు చలి పది డిగ్రీల కిందికి దిగినప్పుడు పొద్దున ప్రార్థనలో స్కర్టుతో నిలబడటం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నియమం పెట్టాలా, వదిలేయాలా?

కేరళలో ఇది ముందే నడిచింది. ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రాథమిక పాఠశాలలో 2018లో ఆడ, మగ పిల్లలందరికీ మోకాలి దాకా వచ్చే ఒకే రకం లాగు, అంగీ పెట్టారు. కోజికోడ్ జిల్లా బాలుస్సేరి ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ పాఠశాలలో 2021 డిసెంబరులో ప్యాంటు, అంగీ వచ్చాయి. అక్కడ కొన్ని ముస్లిం సంస్థలు వ్యతిరేకించాయి. ఇలాంటి యూనిఫాంను ఎవరి మీదా రుద్దబోమని 2022 ఆగస్టులో ముఖ్యమంత్రి పినరయి విజయన్ శాసనసభలో చెప్పారు. ఇటు అమెరికాలో నార్త్ కరోలినాలోని ఒక చార్టర్ స్కూలు (సర్కారు డబ్బుతో ప్రైవేటు సంస్థ నడిపే బడి) ఆడపిల్లలకు స్కర్టే ఉండాలని పెట్టిన నియమాన్ని 2022 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది.

వరంగల్ మండీబజార్ వైపు, కరీంనగర్, నిజామాబాద్ పాతబస్తీల వైపు ఎన్నో ఇళ్లలో పిల్లను పైజామా, పొడుగు టాప్‌తోనే బడికి పంపుతారు. హిందువుల ఇళ్లలోనూ అలా కోరుకునేవాళ్లు తక్కువేమీ లేరు. ప్యాంటు తప్పనిసరి అంటే వాళ్లలో ఒక్క పిల్ల బడి మానేసినా ఆ నియమం తప్పే. అందుకని ఒకే గుడ్డ, ఒకే రంగు తీసుకుని రెండు కోతలు పెట్టాలి: ప్యాంటు అంగీ ఒకటి, ఎలాస్టిక్ పైజామా కోటు ఒకటి. వరుసలో నిలబడితే రెండూ ఒకటే యూనిఫాం. పిల్ల కోరినదే కుట్టించాలి. ఆడపిల్లల కాళ్లు కనబడకూడదని ప్యాంటు పెడుతున్నామని మాత్రం ఏ ప్రార్థనలోనూ చెప్పొద్దు. ఆ మాట పిల్లల్ని తప్పు చేసినవాళ్లలా నిలబెడుతుంది.

సర్కారు బడుల్లో చిక్కు కుట్టుకూలి దగ్గర వస్తుంది. 2024లో జతకు 50 రూపాయల నుంచి 75కు పెంచారు. ఆ కూలికి డార్టులు, జిప్పు, జేబులతో ప్యాంటు కుట్టమంటే మహిళా సంఘాల వాళ్లకు గిట్టదు. కూలి పెంచకుండా పెడితే డార్టులు, జేబులే ముందు ఎగిరిపోతాయి. అప్పటిదాకా పంజాబీ డ్రెస్‌లోనే నాడా తీసి ఎలాస్టిక్, చున్నీ ఉంటే తీసి కోటు, పైజామాకు పక్కజేబు పెడితే చాలా బాధలు తీరతాయి.

ఆర్డరు ఇచ్చే బడులు ముందు అయిదు సైజుల్లో అయిదు జతలే కుట్టించాలి. వాటిని వేర్వేరు ఒళ్లున్న పిల్లలకు తొడిగి, గొంతు కూర్చోమనాలి, బాసింపట్టు వేయమనాలి, బోర్డు పై అంచు అందుకోమనాలి, గ్రౌండులో సైకిలు మీద ఒక చుట్టు తిరగమనాలి. చూసేది టీచరమ్మలే అయితే పిల్లలు నోరు విప్పి ఎక్కడ బిగుతో చెబుతారు. కాటన్ కలిసిన గుడ్డను కోయకముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకుంటే 36 అంగుళాల ప్యాంటు రెండు ఉతుకుల్లో అంగుళం దగ్గరపడుతుంది. కొలతలు ఫిబ్రవరిలో తీసుకుని జూన్‌లో తొడిగితే ఆరు, ఏడు తరగతుల పిల్లలకు పొట్టివైపోతాయి. ఆ వయసులో ఏడాదికి మూడు అంగుళాల దాకా పెరిగే పిల్లలుంటారు. ఆ రెండు తరగతులకు మాత్రం కొలతల మీద అంగుళం కలిపి కోయించండి.