మిరాజ్ 2000 రెక్క, మిగ్-29 రెక్క: మలుపులో ఏది మేలు?

మన వాయుసేనలో ఈ రెండు యుద్ధవిమానాలూ ఉన్నాయి, రెండిటి రెక్కల లెక్క మాత్రం వేరు. మిరాజ్‌ది తోక రెక్కలు లేని డెల్టా, అంటే త్రికోణపు రెక్క: వైశాల్యం 41 చదరపు మీటర్లు, ఈ కొస నుంచి ఆ కొసకు 9.13 మీటర్లే. మిగ్-29 రెక్క 38 చదరపు మీటర్లు, కానీ వెడల్పు 11.36 మీటర్లు, వెనక విడిగా తోక రెక్కలున్నాయి.

పైలట్ స్టిక్ ఒక్కసారిగా వెనక్కి లాగాడనుకోండి. డెల్టా ముందంచు మీద గాలి సుడులు తిరిగి రెక్కపై పీడనం తగ్గిస్తుంది, లిఫ్ట్ (విమానాన్ని పైకెత్తే బలం) అమాంతం పెరుగుతుంది. మొదటి మలుపు చురుగ్గా వస్తుంది. చిక్కల్లా ఆ తర్వాతే: పొట్టి రెక్క కాబట్టి లిఫ్ట్‌తో పాటు డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) కూడా విపరీతంగా పెరిగి వేగం హరించుకుపోతుంది. ఒకే ఇంజన్ దాన్ని వెంటనే పూడ్చలేదు. అందుకే డెల్టాతో గుండ్రంగా తిరుగుతూ కూర్చోకూడదు. ఒక్క మలుపులో గురిపెట్టాలి, లేదా ముక్కు దించి వేగం కూడగట్టుకోవాలి.

మిగ్-29 అదే మలుపును ఎక్కువసేపు నిలుపుకుంటుంది. వెడల్పు రెక్కకు డ్రాగ్ తక్కువ, పైగా రెండు ఇంజన్లు. రెక్క మొదట్లో ముందుకు సాగిన అంచు డెల్టా తరహా సుడులనే పుట్టిస్తుంది.

దిగేటప్పుడూ తేడా కనిపిస్తుంది. మిరాజ్‌కు మామూలు ఫ్లాప్‌లు (లిఫ్ట్ పెంచడానికి కిందికి వాల్చే రెక్క పలకలు) లేవు. వెనకంచున ఎలివాన్లే (ముక్కును ఎత్తి దించే, విమానాన్ని పక్కకు వాల్చే పలకలు) ఉంటాయి, అవి కిందికి వాలితే ముక్కు కూడా వాలుతుంది. అందుకే ముక్కెత్తి దిగుతుంది. మిగ్ నిశ్చింతగా ఫ్లాప్‌లు దించుతుంది, ముక్కు సంగతి తోక చూసుకుంటుంది.

దగ్గరి పోరులో రెండో చుట్టు దాకా వస్తే నా ఓటు మిగ్‌కే.